ఆవిరి గోడ పక్కన కందులు

మొన్న కొడంగల్ నుంచి తాండూరు వచ్చే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. వికారాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటామె మంచి కందులు బయట అమ్ముకొని, పిల్లలకు పనికిరానివి వండిపెట్టిందట. "పిల్లల నోట్ల పండ్లు పలిగినయట," అంది ఒకామె. "గసువంటోళ్ళను ఊకె ఇడిచిపెట్టొద్దు," అంది రెండో ఆమె. నేను ఉండబట్టలేక, "అమ్మా, అది గట్ల కాదు," అన్నాను. ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ ముందుకు తిరిగారు. అంతలో తాండూరు వచ్చేసింది. దిగే తొందరలో ఉన్నవాళ్ళకు చెప్పి ఒప్పించగలిగే సంగతి కాదది.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. అది జరిగినప్పుడు నేను మధ్యలో ఉన్నాను. పప్పు మిల్లుల్లో, హాస్టల్ వంటశాలల్లో కొత్తగా పనికి చేరినవాళ్ళు ఎవరైనా చదివితే, ఇకముందు ఆ మాట ఎక్కడ విన్నా సరిదిద్దగలుగుతారు. ఇంకొక ఆశ కూడా ఉంది. ఒక కందిగింజ లోపల ఏం జరుగుతుందో చూసిన రోజు నేను చిన్నపిల్లాణ్ణయిపోయాను. ఆ ఆశ్చర్యం ఎంతో కొంత మీకూ అందాలి.

నేను తాండూరులో ఒక పప్పు మిల్లులో మేస్త్రీగా పనిచేసి రిటైర్ అయ్యాను. మాది ధారూర్ దగ్గర పల్లె. నాన్న ఇతరుల పొలాల్లో కూలి చేసేవాడు. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. పొద్దున ప్యాసింజర్ బండిలో తాండూరు పోవడం, సాయంత్రం తిరిగి రావడం. నా అసలు చదువు ఆ బండిలోనే సాగింది. ఆదివారం చర్చి అయ్యాక వికారాబాద్ పోయి గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. నక్షత్రాలు, నేలలు, చెట్లు, మనిషి కడుపు, ఏ పుస్తకం చేతికి తగిలితే అది. అర్థం కానిది రెండోసారి తెచ్చుకునేవాణ్ణి. మిల్లులో హమాలీలు, "మేస్త్రీ, ఇయ్యాల ఏ గ్రహం మీద ఆరేసినవే కందులు?" అని ఆటపట్టించేవాళ్ళు. నేను ఆ గ్రహం పేరు, అక్కడ ఎండ ఎంతో కూడా చెప్పేవాణ్ణి. గ్రంథాలయం కార్డు జేబులో ఉంటే నాకు కొంచెం పొగరు ఉండేదన్న మాట నిజం.

మిల్లులో నా పని కందుల పొట్టు వదులు చేయడం. గింజలకు నూనె పట్టించి కుప్ప పోయాలి, నీళ్ళు చల్లాలి, ఎండలో ఆరబెట్టాలి, సరైన అదను చూసి రోలర్లకు ఎత్తించాలి. తొందరపడితే పొట్టు ఊడదు. ఆలస్యం చేస్తే పప్పు నూక అవుతుంది. కొన్ని హాస్టళ్ళకు మాత్రం పొట్టు తీయకుండా, శుభ్రం చేసిన కందులే పంపేవాళ్ళం. అవి సాయంత్రం గుడాలకు. నానబెట్టి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ పచ్చిమిర్చి తాలింపు వేసి, బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో గిన్నెడు పెడతారు.

వికారాబాద్ హాస్టల్‌కు ఆ ఏడు కొత్త పంట రాగానే కందులు పంపాము. వేసవి సెలవులు అయిపోయి, బడులు తెరిచి, వానలు కూడా బాగానే పడ్డాయి. బతుకమ్మ సెలవులు దగ్గర పడుతుండగా అక్కడి వార్డెన్ మేడం మా సావుకారికి ఫోన్ చేసింది. మా సావుకారు ఇంట్లో కన్నడం, మిల్లులో తెలుగు, కోపం వస్తే ఉర్దూ మాట్లాడతాడు. ఆ రోజు మూడూ వినిపించాయి.

"మేస్త్రీ, మన కందులు ఉడుకుతలేవంట. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా రాళ్ళలెక్కనే ఉంటున్నయంట. ముప్ఫై ఊర్లకు మాల్ పంపుతున్న, గిసువంటి మాట ఎన్నడు పడలే. జర పోయి చూసి రా."

హాస్టల్‌లో వంటామె నాకు కొంత తెలుసు. బస్తాలు దింపేటప్పుడు రెండుసార్లు మాట్లాడాను. దౌల్తాబాద్ దిక్కు ఆమెది. తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. భర్త ఇప్పటికీ మందతోనే తిరుగుతాడు. ఇద్దరు బిడ్డల చదువు కోసం ఈమె వికారాబాద్ వచ్చి వంటపనికి కుదిరింది. ఆ బిడ్డలు అదే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. తల్లి వండిందే మిగతా పిల్లలతో కలిసి వరుసలో కూర్చుని తింటారు.

నేను పోయేసరికి ఆమె పెద్ద గిన్నె ముందు నిలబడి ఉంది. గరిటెతో గింజలు తీసి నా అరచేతిలో వేసింది. పొట్టు చిట్లింది, లోపలి బద్ద మాత్రం గట్టిగా ఉంది. మామూలు రంగు కన్నా కొంచెం ముదురు.

"నానవెట్టుడు నానవెడ్తనే ఉన్న అన్నా. పొద్దుగాలకెళ్ళి పొయ్యి మీదనే. నీళ్ళు ఇగురుతయి గని గింజ మెత్తవడది. నిన్న ఒక పోరి అడిగింది, అక్కా, గివి తినాల్నా, గోటీలాడాల్నా అని." గోటీలంటే గోళీలు.

నాకు కారణం తెలుసు. అంటే, తెలుసనుకున్నాను. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువుంటే పప్పుదినుసులు ఉడకవని చదివి ఉన్నాను. వార్డెన్ మేడంను పిలిపించి, ఆమె ముందు, వంటామె ముందు, చూడ్డానికి వచ్చిన పిల్లల ముందు కఠిన జలం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. తాగే ఫిల్టర్ నీళ్ళు తెప్పించి కొత్తగా కందులు పెట్టించాను. గిన్నె పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి వంటామె ఒక గింజ తీసి నొక్కింది, నా వైపు చూసింది.

"అన్నా, నీ పుస్తకం గూడ ఉడుకుతలేదు."

పిల్లలు పగలబడి నవ్వారు. వార్డెన్ మేడం నవ్వలేదు. పిల్లల ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తున్నాయి, పై ఆఫీసుకు జవాబు చెప్పాలి అంది. ఆమె ఇబ్బంది ఆమెది.

మా మిల్లులో ఒక అలవాటు ఉంది. పంపే ప్రతి సరుకు నుంచి కొంత తీసి, మూత బిగించిన గాజు సీసాలో పోసి సావుకారు గదిలో అల్మారాలో పెడతాం. మాటా మాటా వస్తే చూపించడానికి. తాండూరు తిరిగి వచ్చి ఆ సీసా విప్పాను. నానబెట్టి, మరునాడు చాయ్ కాచే పొయ్యి మీద ఉడకబెట్టాను. కాసేపటికే వెన్నలా మెత్తబడ్డాయి. మన సరుకు మంచిదేనని నేను సంబరపడుతూ సావుకారికి చూపించాను. ఆయన ఒక గింజ నోట్లో వేసుకుని, అక్కడే నిలబడి వార్డెన్‌కు ఫోన్ కలిపాడు.

"మేడం, మా సీస తీసి ఉడకవెట్టినం. మస్తు ఉడికినయి. మా మాల్ పక్కా. మారింది అంటే అక్కడే మారి ఉండాలె."

ఆయన మిల్లు పరువు ఆయన కాపాడుకున్నాడు. ఆ మాట అటు పోయి ఎవరి మీద పడిందో నాకు సాయంత్రం ఫోన్ వచ్చేదాకా తట్టలేదు. మిల్లు కందులు మెత్తగా ఉడికితే, హాస్టల్ కందులు ఉడకకపోతే, అవి వేరే కందులు. గోదాం తాళం వంటామె దగ్గర ఉంటుంది. వార్డెన్ ఫిర్యాదు రాసింది. బతుకమ్మ సెలవుల దాకా వంట చేసి, ఇంటికి పోయాక వంటామె ఇక తిరిగి రావద్దని నిర్ణయమైంది.

ఫోన్‌లో వంటామె ఏడవలేదు.

"అన్నా, నీ సీసల కందులు ఉడికినయని నువ్వే చెప్పినవంట గదా."

"ఉడికిన మాట నిజమే చెల్లె."

"మా నాయిన మందల ఒక గొర్రె తక్కువైతే అది దొరికెదాంక అన్నం తినకపోతుండె. గా ఇంట్ల పుట్టిన నేను. నా బిడ్డలు తినే గిన్నెల రాళ్ళు పోస్తనా? పెద్దదాన్ని క్లాసుల పోరగాండ్లు అప్పుడే అడుగుతున్నరంట, మీ అమ్మ ఎవలికి అమ్మింది అని."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు నిజం చెప్పినవ్ లే అన్నా. నేను గూడ నిజమే చెప్తున్న. రెండు నిజాలు ఒక్కతాన ఎట్ల ఉంటయో నీ పుస్తకాలల్ల జూడు."

మరునాడు పని మానేసి వికారాబాద్ గ్రంథాలయానికి పోయాను. ఏం కావాలని గ్రంథపాలకుడు అడిగాడు. ఉడికిన గింజకూ ఉడకని గింజకూ తేడా కావాలన్నాను. ఆయన నవ్వకుండా లేచి వృక్షశాస్త్రం వరుస దగ్గరికి పోయాడు. రెండు పుస్తకాలు తీశాడు, ఆలోచించి లోపల పెట్టేశాడు. "వీటి కంటే మంచిది అక్కడ కూర్చున్నది," అని బల్ల వైపు చూపించాడు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒక మేడం పేపర్లు చదువుకుంటోంది. నా మాటలు మొత్తం విని, "రెండు రకాల కందులూ తెస్తారా? ఉడికించి తీసుకురండి," అంది.

రెండూ ఉడికించి పట్టుకుపోయిన రోజు ఆమె ప్రయోగశాలలో చూసింది నేను చెప్పగలనో లేదో.

ముందు సీసా కందులు. మెత్తటి బద్దను కొంచెం గాజుపలక మీద రాసి, మైక్రోస్కోపు కింద పెట్టి, చూడమంది. మొదట నా కనురెప్పలే కనిపించాయి. తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంది. గుండ్రటి సంచులు, వందలు, ఒకదాన్నొకటి వదిలేసి నీళ్ళలో తేలుతున్నాయి. ఒక్కో సంచి చిరగకుండా నిండుగా ఉంది, లోపల పిండి గింజలు మెరుస్తున్నాయి. అవి కణాలు అని చెప్పింది. కణం అనే మాట నేను ఎన్ని పుస్తకాల్లో చదివానో! చదివినన్నాళ్ళూ అదొక మాట. ఆ రోజు చూశాను. ఉడకడం అంటే గింజ కరిగిపోవడం అనుకునేవాణ్ణి. కాదు. కణాలు ఒకదాని చెయ్యి ఒకటి వదలడమే మెత్తబడడం. మనం ఇన్నేళ్ళుగా అన్నంలో కలుపుకున్న పప్పు ఇలా విడిపోయిన కణాలేనన్నమాట.

తర్వాత హాస్టల్ కందులు. గట్టి బద్దను బ్లేడుతో పల్చగా కోసింది. ఇక్కడ ఒక్క కణమూ విడిపోలేదు. మా తాండూరు బండలు పరిచి, సందులు సిమెంటుతో పూడ్చిన వాకిలిలా ఉంది. ఆమె ఒక చుక్క ఇనుప లవణం నీళ్ళు వేసింది. నేను కన్ను తీయలేదు. కణాల మధ్య గోడల వెంబడి నల్లటి నీలం గీతలు నెమ్మదిగా పైకి తేలాయి. ఎవరో లోపల కూర్చుని సన్నటి కలంతో ప్రతి గోడా గీస్తున్నట్లు. సీసా గింజకు అదే చుక్క వేస్తే పొట్టు ఒక్కటే నల్లబడింది. లోపల గోడలు తెల్లగానే ఉన్నాయి.

"అది వగరు," అంది మేడం. "కంది పొట్టుల ఉండే వగరు. జామపిందె కొరికితే నాలుక బిగిసినట్లయితది గదా, ఆ జాతి పదార్థాలే. పాలీఫినాల్స్ అంటరు."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మొక్కల్లో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. అందులో సన్నటి పీచుపోగులు. గోడకూ గోడకూ మధ్య పెక్టిన్ అనే జిగురు. నీళ్ళలో వేడి చేస్తే ఆ జిగురు కరుగుతుంది, కణాలు విడిపోతాయి. ఈ వగరు పదార్థాలకు పీచన్నా జిగురన్నా ఎక్కడ లేని మక్కువ. ఒక్కో దానికి అతుక్కునే చోట్లు చాలా ఉంటాయి. పొట్టు నుంచి లోపలికి చేరాయంటే గోడను పట్టేసుకుంటాయి. వాటిలో కొన్ని, కాలం గడిచేకొద్దీ, ఇక ఊడి రానంత గట్టిగా కలిసిపోతాయి. తెల్లటి నూలు పంచె మీద చాయ్ ఒలికితే మరక ఎందుకు పోదని నా భార్య జీవితాంతం నన్ను అడిగింది. నూలంటే పత్తి కణాల గోడే. చాయ్‌లో ఉన్నది ఆ వగరే. ఇంట్లో బట్టలుతికే బండ మీద, నోట్లో, గిన్నెలో, అన్నిచోట్లా ఒకే వ్యవహారం నడుస్తోంది! నేను ఇంతకాలం కందుల పక్కనే బతికి, వాటి పొట్టు కోసమే జీతం తీసుకుని, ఈ సంగతి వినలేదు.

"గింజ గట్టిపడడానికి ఇదొక్కటే కారణమని నేను అనను," అంది ఆమె. "ఇంకా ఉంటయి. పెద్ద పెద్దోళ్ళు ఇంక తేల్చుకుంటనే ఉన్నరు."

"అయితే మా చెల్లె కందులు మార్చలేదన్నట్లేనా మేడం?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఈ గింజ లోపల మారింది అని చెప్తది మైక్రోస్కోపు. ఎక్కడ మారిందో చెప్పదు. ఎక్కడో పాడైన పాత కందులు తెచ్చి పోసినా ఇట్లనే కనవడొచ్చు. వేడి, తేమ రెండూ కలిసి నెలల తరబడి తగిలితేనే వగరు లోపలికి దిగుతది. ఆ బస్తాలు ఎక్కడ పెట్టిన్రో పోయి చూడండి."

నేరుగా హాస్టల్‌కు పోయాను. వంటామె గోదాం తలుపు తీసింది. రేకుల కప్పు. అటువైపు గోడకు ఆనుకుని వంటశాల. మా బస్తాలు చెక్కల మీద, ఆ గోడకు ఆనించి, పొందికగా పేర్చి ఉన్నాయి. తడి నేల తగలకుండా, ఎలుక దూరకుండా. ఇంత శుభ్రంగా పేర్చిన గోదాం మా మిల్లులోనే లేదు.

"వీటిని ఇటు ఎవరు జరిపిండ్రు చెల్లె?"

"నేనే. బడి తెరిచినంక. మా ఊర్ల కందులు పొయ్యి మీది అట్టం ఎక్కిస్తం. సెగ తగుల్తుంటె పురుగు రాదు. ఈడ అట్టం లేదు గదా, అందుకని వంటిల్లు గోడకు ఆనిచ్చిన. చూడు, ఒక్క పురుగుందా?"

ఒక్కటీ లేదు. గోడ మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన ఒళ్ళులా వెచ్చగా ఉంది, వేళ్ళకు చెమ్మ అంటింది. పైకి చూస్తే, అన్నం వండే పెద్ద గిన్నెలకు ఆవిరి తీసుకుపోయే పైపు ఆ గోడలోంచి పోతోంది. అతుకు దగ్గర సన్నగా బుస్సుమంటోంది. దౌల్తాబాద్‌లో ఆమె ఇంటి అట్టం మీద, అంటే అటక మీద, తగిలేది పొడి సెగ. ఇక్కడ పొద్దునా సాయంత్రం తగిలింది ఆవిరి. రేకుల వేడి, ఆవిరి చెమ్మ. ఇంటి దగ్గర తల్లి నేర్పిన జాగ్రత్తే తెచ్చి పిల్లల కందులకు పెట్టింది.

తలుపు దగ్గర ఇంకా రెండు బస్తాలు కనిపించాయి. ఉప్పు బస్తాల కింద పడి ఉన్నాయి.

"గవి లేపలేకపోయిన అన్నా. పురుగు వట్టినయేమో అని చెయ్యి గూడ పెట్టలే."

వంగి చూశాను. మూతి కుట్టు విప్పలేదు. గోడ వైపు వరుసలోనూ అడుగున విప్పనివి ఉన్నాయి. మా మిల్లులో బస్తాలు దబ్బనంతో కుట్టే ఆమెది ఎడమచేతి వాటం. ఆమె వేసే ముడి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. తాండూరులో ఇంకే మిల్లు బస్తాకూ అలాంటి ముడి ఉండదు. రెండు చోట్లా ఆ ముడే ఉంది.

వార్డెన్ మేడంను గోదాంకు పిలిచి ఆ ముడులు చూపించాను. నేను ఏం అడగబోతున్నానో ఆమెకు వెంటనే అర్థమైంది. మూతి విప్పని బస్తాలో ఎవరూ ఏమీ మార్చలేరు. గోడ పక్క బస్తా ఒకటి, తలుపు దగ్గరి బస్తా ఒకటి అందరి ముందు విప్పాలి. గోడ పక్కది ఉడకకుండా, తలుపు దగ్గరిది ఉడికితే చోటే కారణం. గోడ పక్కది కూడా మెత్తగా ఉడికితే, పిల్లలు ఇన్నాళ్ళూ తిన్నవి ఈ కందులు కావు.

ఫోన్ చేస్తే సావుకారు కూడా వచ్చాడు. వంగి ముడులు చూసి తమ మిల్లువే అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "మేస్త్రీ, గోడ బస్తా ఉడికిందనుకో, ఆమె పని ఖతం. సోంచాయించినవా?" అన్నాడు. ఆయన గొంతు చిన్నది కాదు. ఆమెకు వినిపించింది.

"ఇప్పు అన్నా. ఇప్పకుంటె మాత్రం ఏం మిగిలింది?" అంది.

సాయంత్రం రెండు బస్తాలూ విప్పి, రెండు గిన్నెల్లో నానబోశాం; గిన్నెలు పెట్టిన గదికి వార్డెన్ మేడం తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. పొద్దున రెండు పొయ్యిలు, ఒకే నీళ్ళు, ఒకే మంట. తలుపు దగ్గరి కందుల్లోంచి కొన్ని పురుగులు తేలితే తీసేశారు. కాలేజీ మేడం వచ్చింది. పిల్లలు బడికి పోయే జడలతో కిటికీకి వేలాడారు. వంటామె పెద్ద బిడ్డ వాళ్ళలో ఉంది. నా భార్య పురుళ్ళప్పుడు ఆసుపత్రి వరండాలో ఎలా నిలబడ్డానో అలా నిలబడ్డాను. రెండు గిన్నెలూ ఒకేలా కుతకుతమంటున్నాయి.

వార్డెన్ మేడం తనే గరిటె తీసుకుంది. తలుపు దగ్గరి గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కింది. చితికి వేలికి అంటుకుంది. గోడ పక్క గింజను నొక్కింది. నలగలేదు. ఇంకా కాసేపు ఉడకనిమ్మంది. మళ్ళీ తీసి ఈసారి నోట్లో వేసుకుని కొరికింది. టక్కుమన్న చప్పుడు కిటికీ దాకా వినిపించింది. "గోటీ!" అని ఒక పిల్ల అరిచింది.

నొప్పికి తన చెంప పట్టుకుని, వార్డెన్ మేడం వంటామె ఎదుటికి వచ్చింది. "అమ్మా, ఫిర్యాదు నేనే రాసిన. వాపస్ నేనే తీసుకుంట. సెలవులు అయినంక నువ్వే వచ్చి పొయ్యి ముట్టియ్యాలె," అంది. పిల్లల వైపు తిరిగి, "అందరు విన్నరు గదా?" అని అడిగింది. విన్నామని అరిచారు.

వంటామె మాత్రం నవ్వలేదు. రెండు గిన్నెలనూ మార్చి మార్చి చూస్తోంది. "అంటే, గింత పైలంగ దాసి వీటిని చెడగొట్టింది నేనేనా?" అంది.

"చెడిపోలేదమ్మా," అంది కాలేజీ మేడం. "గట్టిపడ్డయి, గంతే. బూజు లేదు, పురుగు లేదు. గోడలు విడిపోతలేవు. మంట విడగొట్టలేనిది ఇసుర్రాయి విడగొడ్తది. పిండి చేసుకోరాదూ?"

సావుకారు ఆ మాట అందుకున్నాడు. "మా రోలర్లు ఎందుకున్నయి? పొట్టు తీసి పంపుత. కందిపొడి కొట్టుకోండ్రి."

అలాగే జరిగింది. ఆమె ఆ బద్దలను దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఎల్లిపాయ వేసి పొడి చేసింది. పిల్లలు వేడన్నంలో కలుపుకుని తిని, దానికి గోటీల పొడి అని పేరు పెట్టారు. పైపు అతుకు బాగు చేయించారు. బస్తాలు గోడకు దూరంగా జరిపారు.

ఆ తర్వాత నేను ఇదే విషయం మీద దొరికినదల్లా చదివాను. పీచును అంటిపెట్టుకున్న వగరు మన పొట్టలో, చిన్నపేగులో చాలావరకు అలాగే దాటిపోతుందట. పెద్దపేగులో మనతోపాటు బతికే కంటికి కనిపించని జీవాలు ఆ పీచును కొరుకుతూ, అప్పుడు దాన్ని విడిపిస్తాయట. పీచును వదిలి ఒంటరిగా పోయిన వగరులో కొంత అంత దూరం చేరకముందే ఒంట్లో ఇంకిపోతుందట. కందిగింజ తన పొట్టులో దాచుకున్నది ఎక్కడో లోపల, చీకట్లో, మనకు తెలియకుండా విప్పబడుతోంది. ఇది చదివిన రోజు బండి ధారూర్ దాటి పోయింది, నేను దిగలేదు. పక్క స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చాను. దారి పొడుగునా చేలల్లో కంది పూతకు వచ్చి ఉంది. ప్రతి మొక్కనూ ఆగి చూడాలనిపించింది.

ఇంతవరకు ఎవరి పేరూ రాయలేదు. రాయకుండానే ముగిద్దామనుకుని, ముందుగా వంటామెకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మొత్తం విని, "నా పేరేది?" అంది. పేర్లు పెట్టలేదు చెల్లె, నీకెందుకు మళ్ళీ తలనొప్పి అని, అన్నాను.

"దొంగ అన్ననాడు పేరు పెట్టే అన్నరు గదా అన్నా. కాదు అని రాసేతప్పుడు పేరెందుకు దాస్తవ్?"

ఆమె అడిగింది న్యాయం. కాబట్టి, పుస్తకం ఇవ్వకుండా మనిషిని చూపించిన గ్రంథపాలకుడు నర్సింహులు గారికి, తన మైక్రోస్కోపు చెప్పలేనిది ఏదో కూడా చెప్పిన శైలజ మేడంకు, పిల్లలందరి ముందు ఆ గింజ కొరికిన వార్డెన్ విజయ మేడంకు, రోలర్ల మీద వేరే సరుకు ఆపి మరీ ఆ కందులు పట్టించిన మా సావుకారు వీరణ్ణ గారికి, ఎడమచేత్తో ముడి వేసే అనంతమ్మకు నా కృతజ్ఞతలు. అందరికంటే ముందు, బస్తా విప్పమన్న దౌల్తాబాద్ బీరమ్మకు. ఇప్పటికీ అదే హాస్టల్లో వంట చేసేది ఆమే.